హంతకుడి పేరు కింద ఎర్రదారం

లోకంలో క్షమించదగిన నేరాలు చాలా ఉన్నాయి. ఆకలేసి రొట్టె ఎత్తుకెళ్ళినవాణ్ణి క్షమించవచ్చు. టికెట్టు లేకుండా రైలెక్కి కిటికీ పక్క సీటు కూడా ఆక్రమించినవాణ్ణి, కాస్త పళ్ళు కొరుక్కునైనా, క్షమించవచ్చు. గొడుగు అడిగి పట్టుకెళ్ళి తిరిగివ్వనివాణ్ణి ఎండాకాలమైతే మరిచిపోనూవచ్చు. కానీ ఒక మనిషి పనంతా ముగించుకుని, దీపం దగ్గరికి లాక్కుని, కాళ్ళు ముడుచుకుని, హత్య జరిగిన పుస్తకం ఒకటి తెరిచి, టీ కప్పు ఇంకా పెదవులకు ఆనించకముందే “చంపింది ఫలానావాడు” అని చెప్పేసేవాణ్ణి ఏం చెయ్యాలి? కాజాలక్క దగ్గర ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండేది. చివరి అధ్యాయం చింపేసిన పుస్తకాలు మాత్రమే ఉన్న గదిలో వాణ్ణి బతికినంతకాలం కూర్చోబెట్టాలి.

ఆమె అసలు పేరు ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూసేది కాదు. కుట్టు దుకాణంలో భర్త గుడ్డ కత్తిరిస్తే, ఆమె చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుట్టేది. అందుకని వీధి వీధంతా కాజాలక్క అనేది. కాజా అంటే చిల్లుకు నాలుగు కుట్లు వెయ్యడమే కదా అనుకునేవాళ్ళు వదులు కాజాల కోటొకటి తొడుక్కుని చలిగాలికి ఎదురు నడిచి చూడాలి. దుకాణం పెట్టింది మాత్రం ఆ మొగుడూ పెళ్ళాలు కాదు, అత్తగారు. ఒక్క మిషనుతో మొదలుపెట్టి, నోటితోనూ సూదితోనూ సమానంగా పొడుస్తూ, ఆ వీధికి బట్టలు కుట్టిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక దుకాణం పైగదిలో కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని అక్కణ్ణుంచే రాజ్యం ఏలేది. ఆమె పెట్టిన సూత్రాలు కింద దుకాణంలో ఇప్పటికీ చెల్లుతూనే ఉన్నాయి. కుట్లలో ఎక్కడ తప్పు కనిపించినా అక్కడ ఎర్రదారంతో కచ్చాకుట్టు వెయ్యాలి. సుద్దతో గీస్తే చెరిగిపోతుంది, నోటితో చెబితే గాలికి పోతుంది. ఎర్రదారం మాత్రం తర్వాత చెయ్యి వేసేవాడికి “తప్పు ఇక్కడుంది నాయనా” అని చెబుతుంది. సరిచేశాక లాగేస్తే ఊడొస్తుంది.

కాజాలక్కకు పుస్తకాల పిచ్చి పట్టించింది రెండు వీధుల అవతలి లైబ్రరీ. అందులో కిటికీ కింద ఒక అలమర ఉంది. అందులో ఉన్నవన్నీ ఒక తరహా హత్యల పుస్తకాలు. హత్య జరుగుతుంది గానీ నెత్తురు కనిపించదు. పోలీసు వస్తాడు గానీ ఎప్పుడూ పొరపాటు మనిషినే పట్టుకుంటాడు. అసలు దోషిని కనిపెట్టేది ఊలుదారాల కొట్టావిడో, బొంతలు కుట్టే ముసలమ్మో, కొవ్వొత్తులు పోసే ఆవిడో. హత్యకూ హత్యకూ మధ్యలో ఎవరో టీ పెడతారు, ఎవరో కేకు కోస్తారు, ఒక పిల్లి వచ్చి ఊలు ఉండతో ఆడుతుంది. పాఠకులు ఆ అలమరకు ‘టీకప్పు హత్యలు’ అని పేరు పెట్టుకున్నారు.

వీటిని చూసి నవ్వేవాళ్ళంటే కాజాలక్కకు ఒళ్ళు మండేది. ఆ మంట న్యాయమైనదే. సింహాసనం కోసం అన్నదమ్ములు ఒకరినొకరు నరుక్కుంటే అది మహాకావ్యం. బరువైన అట్ట వేస్తారు, పిల్లలకు పాఠం పెడతారు. అదే హత్య ఊలుదారాల కొట్టు వెనక జరిగి, దాన్ని ఒక నడివయసు ఆడమనిషి అల్లిక సూదులు పక్కనపెట్టి పరిష్కరిస్తే అది కాలక్షేపం! ఓడల్లో, రైల్వే వెయిటింగ్ రూముల్లో, ఆసుపత్రి వరండాల్లో ఎక్కడ చూసినా మనుషులు బరువైన అట్టల పుస్తకాల పేర్లు చెబుతూ ఈ పుస్తకాలనే చదువుతుంటారు. చదివేది ఒకటి, చెప్పేది ఒకటి. ఈ ఒక్క విషయంలో లోకమంతా ఒక్కటే.

కానీ కాజాలక్క ఇష్టానికి మరో మూలం ఉంది. ఆమె తండ్రి ఒక బట్టల గోదాముకు కాపలా ఉండేవాడు. ఒకసారి అక్కడ ఒక మూట కనిపించకుండా పోయింది. తండ్రిని పిలిచి, రేపటినుంచి రావద్దన్నారు. అంతే. “నువ్వు తీశావా?” అని కూడా అడగలేదు. అడిగితే లేదని చెప్పేవాడు, నమ్మకపోతే దెబ్బలాడేవాడు. అడక్కపోయేసరికి ఆ మనిషికి చెప్పడానికి ఏమీ లేకుండా పోయింది. తర్వాత ఇంట్లో కూర్చుని, ఎవరు తలుపు తట్టినా ఉలిక్కిపడి లేచేవాడు. ఆ మూట ఏమైందో ఈనాటికీ ఎవరికీ తెలియదు, ఎవరూ వెతకలేదు. ఆ పుస్తకాల్లో అలా జరగదు. అక్కడ దుప్పటి పోయినా ఎవరో ఒకరు చేతిలో పని వదిలిపెట్టి “ఉండండి, ఇదేదో చూద్దాం” అంటారు. చచ్చినవాడు ఎలాగూ లేచిరాడు. కనీసం ఎందుకు చచ్చాడని అడిగేవాళ్ళున్నారు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఆ అలమరను ఈ మూలనుంచి ఆ మూలకు చదివేసి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇక గొడవ. ఒక శనివారం సాయంత్రం ఆమె లైబ్రరీలో అడుగుపెట్టేసరికి బేకరీ ఆయన గది మధ్యలో నిలబడి ఒక పుస్తకాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు చివరి కొస పట్టుకుని ఊపుతున్నాడు. ఈయన పొయ్యి ముందు నిలబడి పొగ పీల్చి పీల్చి బొంగురుపోయిన గొంతు మనిషి. కేకులు వచ్చే హత్యలు తప్ప వేరేవి చదవడు.

“చూడక్కా! చూడు, ఈ ఘోరం చూడు! కథలో ఇంకా ఎవరూ చావనేలేదు. అప్పుడే ఈ పేరు కింద ఎర్రదారం. చివరికి చూస్తే చంపింది వాడే!”

“పొరపాటున ఎవరో...”

“పొరపాటా? పోయినసారి తీసుకెళ్ళిన దాంట్లోనూ ఇంతే. అంతకుముందు దాంట్లోనూ ఇంతే. తెల్లారకముందు లేచి పిండి కలిపేవాణ్ణక్కా నేను. నాకున్న సుఖం ఇదొక్కటే. అది కూడా లేకుండా చేస్తే ఇంక నేను ఎందుకు బతకాలి?”

కాజాలక్క కూడా ఒంటికాలి మీద లేచింది. ఎవడు వాడు, పట్టుకుని ఇలా తీసుకురండి, వాడి వేళ్ళకు కాజాలు కుడతాను అంది. అందరూ ఆమె కాలరు వంక చూస్తున్నారు. ఆమె కూడా కిందికి చూసుకుంది. పనిలోంచి సరాసరి రావడంతో కాలరుకు గుచ్చిన సూదులు అలాగే ఉన్నాయి. అందులో ఒకదానికి ఎర్రదారం వేలాడుతోంది.

లైబ్రరీ అమ్మాయి మెల్లగా అంది. “ఆంటీ, ఈ విషయం తేలేదాకా మీ కార్డు నా దగ్గర ఉంచండి.”

“ఏం తేలాలమ్మాయ్?”

“ఈ పుస్తకాలన్నీ మీ చేతి మీదుగా వెళ్ళినవే కదా...”

“ఈ అలమరంతా నా చేతి మీదుగా వెళ్ళిందే! దారం కనిపిస్తే నేనేనా? రేపు పుస్తకంలో రొట్టె పొడి కనిపిస్తే ఈ తమ్ముడి కార్డు తీసుకుంటావా?”

“నన్నెందుకు లాగుతావక్కా మధ్యలో?” అన్నాడు బేకరీ ఆయన.

మూల బల్ల దగ్గర మాష్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయి, లైబ్రరీ కమిటీలో పెద్దగా కూర్చున్నాడు. ఆ అలమర తీసేసి పరీక్షల గైడ్లు పెట్టించాలని ఎప్పటినుంచో పోరుతున్నాడు. “నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను” అని తన ముందున్న లావుపాటి చరిత్ర పుస్తకంలోకి తల దూర్చేశాడు. “ఆ చెత్త చదివితే చివరికి చెత్త బుద్ధులే వస్తాయి. వచ్చే శనివారానికి తేలకపోతే అలమర ఖాళీ.”

కాజాలక్కకు తల కొట్టేసినట్టయింది. కార్డు బల్ల మీద విసిరేసి బయటికి నడిచింది. దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే మాట గిర్రున తిరుగుతోంది: అడగలేదు. “నువ్వు చేశావా” అని ఒక్క ముక్క ఎవరూ అడగలేదు.

అంత కోపంలోనూ ఒక పొరపాటు చేసింది. అందరి మొహాలూ చూసింది గానీ, కుట్టు ఎలా ఉందో చూడలేదు. ఆ పుస్తకాల్లోని ఊలుదారాల కొట్టావిడ ఇలాంటి పొరపాటు ఎప్పుడూ చేసి ఉండదు.

మొగుడికి చెబితే ఆయన టేపు మెడలో వేసుకుని, “పోనీలేవే, కొన్నాళ్ళు టీవీ చూడు” అన్నాడు. ఆ రాత్రి ఆయనకు కూర వడ్డించలేదు. అత్తగారికి మాత్రం చెప్పలేదు. పెద్దావిడ బాధపడుతుందని కాదు, కిటికీలోంచి లైబ్రరీ వైపు తిట్లు మొదలుపెడుతుందని.

దోషి ఎవరో ఆమెకు అప్పటికే తెలుసు. అలమర ఖాళీ అయితే లాభం ఎవరికి? మాష్టారికి. పుస్తకాల్లో దుర్మార్గుడు ఎప్పుడూ ఇలాగే గౌరవంగా కళ్ళజోడు పెట్టుకుని ఉంటాడు. మర్నాడే “మాష్టారూ, మీ కోటు అంచు సాగిపోయింది, కొలత చూసుకుంటాను” అని ఆయన ఇంటి తలుపు తట్టింది. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి ఇల్లు అది. కుర్చీల నిండా పుస్తకాలు, పుస్తకాల మీద ఖాళీ కప్పులు. కిటికీ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా తెరిచి ఉంది. అందులో సూదులు, గుండీలు, ఎర్రదారం ఉండ.

కాజాలక్క ఆ ఉండ పైకెత్తింది. “ఇదేంటి మాష్టారూ?”

“దారం.”

“ఎర్రదారం!”

“అయితే? నా దగ్గర ఉన్నది అదొక్కటే. ఊడిన గుండీలు దాంతోనే కుట్టుకుంటాను.”

“పేజీలు కూడా దాంతోనే కుడతారా? మీకు సిగ్గు లేదూ? పొద్దుట్నించి రాత్రిదాకా సూదితో వేళ్ళు పొడుచుకునే ఆడదాని మీదికి నేరం తోసేసి, మూల కూర్చుని చరిత్ర చదువుకుంటారా?”

మాష్టారు మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, మళ్ళీ ఎర్రబడింది. “ఏమ్మా, నేనా? నేనా కుట్టేది?” అని తన కోటు గుండీని ఆమె మొహం దగ్గరికి తెచ్చాడు. “చూడు, ఇదీ నా కుట్టు.” గుండీ కింద మిరియపు గింజంత ముడి. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. పైనుంచి దారం గుండీ చుట్టూ చలికి కండువా చుట్టుకున్నట్టు చుట్టుకుని ఉంది. అలాంటి కుట్టు చూసి కాజాలక్క కోపం మధ్యలో కూడా అప్రయత్నంగా “అయ్యో” అంది.

“అయ్యో అనకు! నా ఆదివారం పాడైపోయినందుకు ఎవరన్నారు అయ్యో అని?” ఆయన విసురుగా లోపలికి వెళ్ళి ఆ లావుపాటి చరిత్ర పుస్తకం తెచ్చి బల్ల మీద పడేశాడు. అందులోంచి టీకప్పు హత్య ఒకటి జారి కింద పడింది. “బొంతలు కుట్టే ముసలమ్మది! సగం దాకా కూడా రాలేదు, చంపింది ఎవరో తెలిసిపోయింది! ఎవడో దుర్మార్గుడు...”

ఇద్దరూ ఆ పుస్తకం వంక, ఆ తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

“మీరు చదువుతారా?”

“ఎంత చెత్తగా ఉంటాయో తెలుసుకోవద్దూ?” అన్నాడు మాష్టారు గోడ వంక చూస్తూ. ఆపైన గొంతు తగ్గించి, “ఆ బొంతల ముసలమ్మ చాలా తెలివైంది. ఎవరికీ చెప్పకు. చెబితే నేను మళ్ళీ లైబ్రరీ గడప తొక్కను” అన్నాడు.

ఆమెకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. తనను ఎవరూ అడగలేదని దారి పొడుగునా రగిలిపోయింది కదా, మరి తను ఈయన్ని అడిగిందా? తలుపు తెరవగానే తీర్పు చెప్పేసింది. మొదటిసారిగా పుస్తకం తెరిచి, కుట్టు చూసింది.

పేరు కింద కచ్చాకుట్టు. ముడి లేదు. మొదట్లో వెనక్కి ఒక్క కుట్టు, తర్వాత ముందుకు, చివర గోరంత దారం వదిలేసి తెంపారు. తీసేవాడి వేలికి అందాలని వదిలే కొస అది. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ కొస మరీ పొట్టిగా తెంపినప్పుడల్లా వేళ్ళ మీద టేపుతో ఒక దెబ్బ పడేది. ఆ దెబ్బ ఆమెకు ఇప్పుడు మళ్ళీ తగిలింది. ఆ కుట్టు వేసేది లోకంలో ముగ్గురే. ఒకరు తను. మరొకరు మొగుడు, ఆయన కొలతల చీటీ తప్ప ఏమీ చదవడు.

ఆమె ఇంటికి వచ్చి మెట్లు ఎక్కిన చప్పుడు దుకాణమంతా వినిపించింది. తను చదివేసిన పుస్తకాన్ని మర్నాడు అత్తగారి కుర్చీ పక్కన పెట్టి పోవడం ఈమధ్యే మొదలైన అలవాటు. అందులో ఏం జరుగుతోందో ఎప్పుడూ తిరిగి చూడలేదు. కిటికీ దగ్గర పెద్దావిడ ఒళ్ళో పుస్తకం, చేతిలో సూది.

“అత్తయ్యా! ఇదేం పని?”

“ఏం పని? కళ్ళు కనిపించడం లేదా? వెలుగుకి అడ్డం రాకు.”

“హంతకుడి పేరు కింద దారం వేస్తున్నారా?”

“మరి ఎవరి పేరు కింద వెయ్యాలే? తప్పున్నచోట ఎర్రదారం పెట్టమని మీకు నేర్పిందెవరు? వేసుకునే బట్టకైతే పెట్టాలి, చదివే పుస్తకానికైతే వద్దా?”

“చదివేవాళ్ళకు ముందే తెలిసిపోతుంది కదండీ! ఊరంతా మొత్తుకుంటున్నారు. నా కార్డు లాక్కున్నారు. నన్ను దొంగలా నిలబెట్టారు!”

పెద్దావిడ సూది కుర్చీ చెయ్యికి గుచ్చింది. “నిన్నా? నా కోడల్నా? ఎవడు వాడు?”

“మీరేనండీ!”

“నోరు మూసుకో. నేను చేసింది మంచిపని. ముందు చివరి పేజీ చదువుతాను, తర్వాత మొదటి పేజీ. ఎవడు చేశాడో తెలిస్తే తప్ప నాకు ఆ టీ ఒంటికి పట్టదు. తెలిస్తే మిగతావాళ్ళతో హాయిగా కూర్చోవచ్చు. నీకేం, నీకు చివరిదాకా అందరి మీదా అనుమానమే సరదా. పాపం, ఇందులో వంటమనిషిని పుస్తకం పొడుగునా అందరూ దొంగచూపులు చూస్తుంటే, అది ఏం చెయ్యలేదని తెలిసిన మొదటి మనిషి నేనే అవ్వాలనిపిస్తుందే నాకు. అది ఏడుస్తుంటే, ‘ఉండవే, ఇంకాస్త ఓర్చుకో, నాకు తెలుసు’ అంటాను. నాతోపాటు తర్వాత చదివేవాళ్ళు కూడా అంటారని దారం పెట్టాను. అది తప్పా?”

కాజాలక్క ఎదురు చెప్పడానికి నోరు తెరిచింది. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే మనిషి ఒకడు కళ్ళ ముందుకు వచ్చాడు. నాకు తెలుసు అనేవాళ్ళు ఆయనకు ఒక్కరున్నా... అక్కడే నేల మీద కూర్చుంది. కోపం పూర్తిగా చల్లారకుండానే, “తప్పే అత్తయ్యా” అంది. “నాకు కాదేమో గానీ, ఆ బేకరీ తమ్ముడికి తప్పే. శనివారం మీరు వచ్చి చెప్పాలి. లేకపోతే అలమర పోతుంది.”

“మెట్లు దిగమంటావా నన్ను?”

“దిగాలి.”

శనివారం పెద్దావిడ దిగింది. మెట్టుకొక తిట్టు చొప్పున కొడుకునీ, మెట్లు కట్టిన మేస్త్రీనీ తిడుతూ దిగింది. లైబ్రరీలో కుర్చీ వేసి కూర్చోబెట్టేసరికి అందరూ చుట్టూ చేరారు. ఆ పుస్తకాల చివరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలోకి పిలిచినట్టే ఉంది, టీ మాత్రం లేదు.

“కుట్టింది నేను” అంది పెద్దావిడ. “నా దుకాణంలో తప్పుకు దారం పెడతాం. అలవాటు. పీకేస్తాను, ఇటు తెండి.” లైబ్రరీ అమ్మాయి పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. ముడి లేని దారాలు కొస పట్టుకుని లాగితే చర్రున ఊడొచ్చాయి. కాగితం మీద సూది పోట్లు తప్ప ఏమీ మిగల్లేదు. బేకరీ ఆయన ఒక పేజీని దీపానికి పెట్టి చూసి, “చిల్లుల్లోంచి ఇంకా తెలుస్తోంది” అని సణిగాడు.

“తెలుస్తుంది, నువ్వు దీపానికి పెట్టి చూస్తే. ఎవడు చూడమన్నాడు?” అంది పెద్దావిడ.

లైబ్రరీ అమ్మాయి కార్డు చాపింది. కాజాలక్క వెంటనే తీసుకోలేదు. “తీసుకునేముందు నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది, అమ్మాయ్. చేశావా అని. చేయలేదని చెప్పేదాన్ని. నువ్వు నమ్మకపోయినా, చెప్పేదాన్ని.” ఆ పిల్ల తల దించుకుని “తప్పయింది ఆంటీ” అంది. అప్పుడు తీసుకుంది. మాష్టారి వైపు తిరిగి, “నేనూ ఒకరిని అడగకుండా అన్నాను. ఆయన...” అని మొదలుపెట్టేసరికి మాష్టారు చరిత్ర పుస్తకం వెనకనుంచి రెండు చేతులూ జోడించి బతిమాలుతున్నట్టు చూశాడు. దోషిగా మిగిలిపోయినా ఫరవాలేదు గానీ పాఠకుడిగా బయటపడకూడదట! ఆమెకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఇంత సిగ్గుపడాల్సిన పనేముంది ఇందులో?

“అదంతా సరే” అని గొంతు సవరించుకున్నాడు మాష్టారు. “దారాల సంగతి తేలింది కాబట్టి తేలింది. అయినా ఈ చెత్త అలమర అవసరమా అనేది కమిటీ...”

పెద్దావిడ ఆయన్ని కళ్ళజోడు పైనుంచి చూసింది. తర్వాత ఆ లావుపాటి చరిత్ర పుస్తకం చూసింది. అందులోంచి ఒక సన్నటి అట్ట అంచు బయటికి పొడుచుకు వస్తోంది. ఆ అట్ట రంగు ఆవిడకు బాగా తెలుసు. అది కార్డు పోకముందు కోడలు తెచ్చిన కొవ్వొత్తుల పుస్తకం. దారం పెట్టకముందే అది తిరిగి వెళ్ళిపోయింది, చివరి పేజీ మాత్రం చదివేసింది.

“మాష్టారూ” అంది గదంతా వినేలా. “ఆ కొవ్వొత్తుల ఆవిడ తమ్ముణ్ణి చంపింది ఎవరో చెప్పమంటారా?”

“వద్దు!” అని మాష్టారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. చరిత్ర పుస్తకం ఒకవైపు, కొవ్వొత్తుల పుస్తకం ఒకవైపు పడ్డాయి. “వద్దమ్మా! దణ్ణం పెడతాను, వద్దు! ఇంకా నలభై పేజీలున్నాయి!”